లంబకోణం దాటని చెయ్యి

"టీచర్, మీరు కింద రాసేది మాకు కనవడతలేదు."

వెనక బెంచీలోంచి ఆ పిల్ల అలా అనేదాకా నాకే తెలియదు, బోర్డు పై సగం వాడడం మానేశానని. పదో తరగతి, త్రికోణమితి పాఠం. నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే నా రాతంతా బోర్డు కింది అంచున, చీపురుతో ఊడ్చి పోగేసినట్టు పడి ఉంది. ఎత్తులు, దూరాలు లెక్కకు గోపురం బొమ్మ వేశాను. ఆ గోపురం నా భుజం ఎత్తు కూడా లేదు. ముందు బెంచీల తలలు అడ్డమై వెనకవాళ్లు వంతులవారీగా లేచి నిలబడి రాసుకుంటున్నారు, ఎన్ని రోజులుగానో పాపం.

అది 2024 డిసెంబరు. నాకు 49 ఏళ్లు. తార్నాక దగ్గర సర్కారు బడిలో లెక్కలు చెబుతాను, ఉండేది రామంతాపూర్‌లో. షుగరు వచ్చి ఎనిమిదేళ్లయింది. ఈ చివరి ముక్క ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

మొదలైంది దసరా ముందు. బతుకమ్మకు ఇల్లు దులుపుకోవాలి కదా, బూజుకర్ర పట్టుకుని ఒక పూటంతా పైకప్పులు దులిపాను. రెండ్రోజులకు కుడి భుజంలో సన్నగా సలుపు. "అంతసేపు చెయ్యి పైకి వెట్టినవు, నరం వట్టింది" అంది మా అత్తమ్మ. నేనూ అదే అనుకున్నాను. ఈ జబ్బు చాలామందికి ఏ కారణమూ లేకుండానే వస్తుందని తర్వాత తెలిసింది. కానీ ఎవరో ఒకరి మీద నేరం మోపకపోతే మనసొప్పదు. మా ఇంట్లో ఆ నేరం ఇప్పటికీ బూజుకర్ర మీదే ఉంది.

దీపావళికి జడ వేసుకోవడం కష్టమైంది. ఆ తర్వాత పమిట పిన్ను. ఆ తర్వాత వీపు వెనక హుక్కు పెట్టుకోవడం పూర్తిగా పోయింది, రోజూ పొద్దున్నే ఇంటర్ చదివే కూతుర్ని పిలవాల్సి వచ్చేది. అది విసుక్కోలేదు గాని నాకే సిగ్గుగా ఉండేది. పగలు ఎలాగో గడిచిపోయేది. రాత్రే అసలు బాధ. కుడి పక్కకు ఒత్తిగిలితే చాలు మెలకువ. రెండింటికో మూడింటికో లేచి కూర్చుని, చేతిని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లను జోకొట్టినట్టు దానికి జోల పాడుకునేదాన్ని.

బస్సు సంగతి కూడా చెప్పాలి. మహాలక్ష్మి జీరో టికెట్ వచ్చాక మా ఆడవాళ్లకు బస్సులో సీటు దొరకడమంటే లాటరీ తగిలినట్టే. ఎడమ చేత్తో పైన రాడ్డు, కుడి చేత్తో సంచీ. ఒకరోజు హబ్సిగూడ సిగ్నల్ దగ్గర డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. పడబోతూ అలవాటు కొద్దీ కుడి చెయ్యి పైకి విసిరాను. ప్రాణం పోయిందనుకున్నాను. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. ఎదురు సీట్లో ఉన్న ముసలామె గబుక్కున లేచి, "కూసో బిడ్డా" అని చోటిచ్చింది. డెబ్బై దాటిన మనిషి నిలబడితే నేను కూర్చున్నాను.

ఈలోగా చేయని వైద్యం లేదు. అత్తమ్మ భువనగిరి దగ్గర మా ఊరి నుంచి వావిలాకు తెప్పించి వేడినీళ్లలో వేసి కాపడం పెట్టింది. ఉప్పు మూట పెట్టింది. కాసేపు నిజంగానే హాయిగా ఉండేది, కాదనను. స్టాఫ్‌రూములో తలా ఒక మాట. నువ్వుల నూనెతో మర్దన చేయించుకోమని ఒకరు, పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమని ఒకరు. నా ఎముక విరగలేదు మొర్రో అంటే ఆమెకు కోపమొచ్చింది. మందుల షాపులో నొప్పి గోళీలు కొని మూడు వారాలు మింగాను. అది మాత్రం శుద్ధ తెలివితక్కువ పని. షుగరున్న మనిషి కిడ్నీల గురించి ఆలోచించకుండా ఆ గోళీలు వాడకూడదని తర్వాత డాక్టరు నిలబెట్టి చీవాట్లు పెట్టాడు.

సంక్రాంతి సెలవుల్లో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మా ఆయన ముఖం వెలిగింది. నాకు మాత్రం ఇంత బాధపడి చివరికి ఏమీ లేదనిపించుకోవడం అవమానంగా తోచింది. డాక్టరు నా చేతిని నన్నే ఎత్తమన్నాడు, ఒక చోట ఆగిపోయింది. తర్వాత ఆయనే ఎత్తబోయాడు, సరిగ్గా అదే చోట ఆగిపోయింది. "ఇదీ గుర్తు," అన్నాడు. "కండరం తెగితే మీరు ఎత్తలేరు, నేను ఎత్తితే లేస్తుంది. ఇక్కడ ఎవరు ఎత్తినా లేవట్లేదు. ఫ్రోజెన్ షోల్డర్."

భుజం కీలు చుట్టూ పలుచని సంచీలాంటి పొర ఉంటుందట. శరీరంలో అన్ని కీళ్లకంటే ఎక్కువ వైపులకు తిరిగేది భుజమే కాబట్టి, ఆ పొర కూడా వదులుగా, ముడతలు పడి ఉంటుంది. ఈ జబ్బులో అది వాచి, మందమై, ముడుచుకుపోతుంది. 40 నుంచి 60 ఏళ్ల మధ్య, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ. షుగరున్నవాళ్లలో మరీ ఎక్కువ. మొదట నొప్పితో బిగుసుకుంటూ పోయే దశ, తర్వాత నొప్పి తగ్గినా బిగుసుకునే ఉండే దశ, చివరికి మెల్లగా వదులయ్యే దశ. మొత్తం ఏడాది పట్టొచ్చు, రెండు మూడేళ్లూ పట్టొచ్చు. గోళీల చీటీ రాసి, కింద ఒక్క ముక్క చేర్చాడు: ఫిజియోథెరపీ.

ఆ ముక్క పట్టుకుని ఇంటికి దగ్గరలో బోర్డు కనిపించిన మొదటి సెంటర్‌కు వెళ్లాను. పేరు వద్దు. పది సిట్టింగుల ప్యాకేజీ, డబ్బు ముందే కట్టాలి, నాలుగు వేలు. రోజూ వెళ్లగానే భుజానికి నాలుగు తడి ప్యాడ్లు కట్టి కరెంటు పెట్టేవాడు ఒక అబ్బాయి. మనవాళ్లు దాన్ని ఐఎఫ్‌టీ (ఇంటర్‌ఫెరెన్షియల్ థెరపీ) అనరు, కరెంటు పెట్టించుకోవడమే అంటారు. చీమలు పాకినట్టు జుమ్మని ఉంటుంది. పావుగంటకు మిషన్ కుయ్‌మంటుంది, అప్పుడా అబ్బాయి ఫోన్‌లోంచి తలెత్తి ప్యాడ్లు విప్పేవాడు. అంతే. నా చెయ్యి ఎక్కడిదాకా లేస్తుందని ఒక్కరోజూ ఎవరూ చూడలేదు.

ఏడో రోజు ఒక పెద్దాయన వచ్చి, "ఇంకా లేస్తలేదా?" అని చెయ్యి పట్టుకుని ఒక్క ఊపున పైకి లేపాడు. అరిచాను. "కొంచెం ఓర్సుకోవాలమ్మా, జాము వట్టిన తలుపు గట్టిగ గుంజితెనే వస్తది" అన్నాడు. ఆ రాత్రీ, మర్నాటి రాత్రీ కునుకు లేదు. మూడు సిట్టింగులు మిగిలి ఉండగానే మానేశాను. నొప్పి ఎక్కువగా ఉండే మొదటి దశలో అలా బలవంతంగా లాగితే ఆ పొర మరింత వాచి తిరగబడుతుందని తర్వాత తెలిసింది. నా భుజం జాము పట్టిన తలుపు కాదు, పుండు పడిన చోటు. కానీ ఆ రోజు నాకు తెలిసిందల్లా ఒకటే, ఫిజియోథెరపీ అంటే దండగ అని. ఊరంతా అదే చెప్పాను కూడా.

మా బడిలో తెలుగు చెప్పే మేడమ్ వాళ్ల నాన్నకు మోకాలి చిప్ప ఆపరేషన్ అయింది. ఆయన్ని హబ్సిగూడ గల్లీలో ఒక చిన్న సెంటర్‌కు తీసుకెళ్తోంది. "ఒక్కసారి రా, నచ్చకపోతే చాయ్ తాగి వచ్చేద్దాం" అని లాక్కెళ్లింది. అది ఫిబ్రవరి మొదటి వారం.

రెండు గదులు. గోడకు ఒక పెద్ద చక్రం, తలుపు పైన తాడుతో గిలక, నాలుగు మంచాలు. ఫిజియో అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో, నా దగ్గర చదివి వెళ్లిన పిల్లలా ఉంది. మొదట "ఆంటీ" అంది, టీచర్‌నని తెలిశాక "మేడమ్"కు మారింది. నేను వెళ్లగానే మిషన్ పెడుతుందనుకున్నాను. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఎట్లాంటి నొప్పి మేడమ్?"

"నొప్పంటే నొప్పే కదమ్మా, ఎట్లాంటిదేంది?"

"సలుపా, పోటా, గుంజుడా, మంటా, తిమ్మిరా?"

నాకు మాట తోచలేదు. నాలుగు నెలలుగా దాంతోనే తింటున్నాను, దాంతోనే పడుకుంటున్నాను, దాని పేరేమిటో ఆలోచించలేదు. కళ్లు మూసుకుని వెతుక్కుంటే మూడు దొరికాయి. రాత్రిపూట లోలోపల ఎడతెగకుండా ఉండేది సలుపు. బస్సులో చెయ్యి విసిరినప్పుడు కత్తి దిగినట్టు వచ్చింది పోటు. జడ వేసుకోబోయినప్పుడు ముందు భాగం పట్టి లాగినట్టుండేది గుంజుడు. మంట లేదు. తిమ్మిరి వేళ్లదాకా దిగుతోందా అని రెండుసార్లు అడిగింది. దిగితే మెడ నరం సంగతి చూడాలట. నేను లేదన్నా వదలకుండా మెడ అటూ ఇటూ తిప్పి చూసింది.

తర్వాత సొరుగులోంచి ఒక వస్తువు తీసింది. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్, రెండు పొడుగు చేతులు, మధ్యలో గుండ్రంగా డిగ్రీల గీతలు. నాకు నవ్వొచ్చింది. ఇరవై మూడేళ్లుగా పిల్లల జామెట్రీ బాక్సుల్లో చూస్తున్న కోణమానినే, కాస్త పొడుగు కాళ్లు తొడుక్కుని వచ్చింది. గోనియోమీటర్ అంటారట. చెయ్యి ముందు నుంచి పైకి: 85. పక్క నుంచి: 60. మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పితే: 10. వెనక్కి పెడితే బొటనవేలు తుంటి దాటలేదు.

"మామూలుగా అయితే చెయ్యి పైకి 180 దాకా పోవాలి మేడమ్. మీది లంబకోణం కూడా దాటలేదు."

గోపురం ఎందుకు పొట్టిదైందో నాకు లెక్కల్లోనే అర్థమైంది. చిత్రమేమిటంటే, ఆ అంకెలు చూశాక భయం పోయింది. కొలిచారంటే అదెక్కడిదాకా ఉందో తెలిసినట్టే.

కరెంటు ఆమె కూడా పెట్టింది. కాకపోతే ముందే చెప్పింది, "ఇది నొప్పిని కాసేపు మరిపిస్తది. ఆ కాసేపట్ల మనం పని చేసుకోవాలె" అని. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే ఎందుకు తగ్గినట్టుంటుందో అదే కిటుకు. రుద్దిన స్పర్శ వెన్నుపాములోకి ముందే చేరి నొప్పి కబురుకు తలుపు వేస్తుందట. 1965లో మెల్జాక్, వాల్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ మాట చెప్పారు. అత్తమ్మ ఉప్పు మూట గురించి కూడా అడిగాను, తప్పంటుందేమోనని. "మంచిదే కదా, వ్యాయామం ముందు పెట్టుకోండి. షుగరు ఉన్నది గదా, వేడి తెలియక కాల్తది, ఎడమ చేత్తో చూసుకోండి" అంది. ఇంటికి వెళ్లి చెబితే అత్తమ్మ వారం రోజులు ఆ గెలుపు మీదే నడిచింది.

మొదటి రెండు వారాల్లో ఆ అమ్మాయి చేయించింది చూసి, ఇదేం వైద్యమనిపించింది. ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి, ముందుకు వంగి, కుడి చేతిని వదిలేసి లోలకంలా ఊగనివ్వాలి. చేత్తో ఊపకూడదు, నడుము కదిలిస్తే చెయ్యి దానంతటదే ఊగాలి. ముందుకూ వెనక్కీ, పక్కలకూ, తర్వాత గుండ్రంగా. దీన్ని కాడ్‌మన్ వ్యాయామం అంటారు. ఈ జబ్బుకు 1934లో ఫ్రోజెన్ షోల్డర్ అని పేరు పెట్టిన అమెరికా సర్జన్ ఆయనే. వదిలేయడం నాకు చేతకాలేదు. చెయ్యి కర్రలా బిగబట్టుకుని ఉండేదాన్ని. "మేడమ్, భుజం చెవికి తగులుతున్నది" అని ఆమె అంటే అద్దంలో చూసుకున్నాను, నిజంగానే తగులుతోంది. కీలు కదలకపోతే మనకు తెలియకుండానే రెక్క ఎముకను ఎగదోసి పని కానిచ్చేస్తామట. నా మెడ నొప్పికి కారణం అదే. నెలలుగా ఆ దొంగదారినే బోర్డు మీద రాస్తున్నాను.

రాత్రి సలుపు మాత్రం తగ్గలేదు. "నిద్ర లేకుంట నేను మీతోటి ఏం చేయించను" అని ఆమే మళ్లీ డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాడు. నాలుగైదు రోజులు షుగరు పెరుగుతుంది, రోజూ చూసుకోమన్నాడు. పెరిగింది, మూడో రోజు 280 చూపించింది, గుండె గుభేలుమంది. ఆరో రోజుకు దిగింది. కానీ ఆ వారంలోనే, నవంబరు తర్వాత మొదటిసారి, తెల్లారేదాకా నిద్రపోయాను. ఎడమ పక్కకు తిరిగి, కుడి చేతి కింద ఒక దిండు పెట్టుకుని పడుకోమని ఫిజియో చెప్పింది. ఇంజెక్షన్‌తో తగ్గిందా, దిండుతోనా అని మా ఆయన అడిగాడు. దేనితో తగ్గితే నాకేం.

అసలు పని అప్పుడు మొదలైంది. నా నోటుబుక్కు వెనక పేజీలో మూడు గడులు గీసి మూడు పేర్లు రాయించింది. గుంజుడు వస్తే భయపడొద్దు, అక్కడే ఆగి, ఊపిరి మెల్లగా వదులుతూ ఇరవై లెక్కపెట్టాలి, పొర సాగేది అక్కడే. పోటు వస్తే వెంటనే వెనక్కి రావాలి, పళ్లబిగువున ఓర్చుకుంటే గొప్పేమీ కాదు. వ్యాయామం తర్వాత సలుపు గంటలో తగ్గిపోతే సరే, రాత్రిదాకా ఉంటే మర్నాడు సగమే చేయాలి. పదికి నాలుగు దాటని నొప్పి నీది, అంతకు మించింది నాకు చెప్పు, అంది. నొప్పి అంటే లోపల ఏదో పాడైపోతోందని అనుకునేదాన్ని. కొన్ని నొప్పులు ఏమీ పాడు చేయవని 49 ఏళ్లు వచ్చాక నేర్చుకున్నాను. మూడు గడుల పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

రోజుకొకసారి గంటసేపు కాదు, ఐదుసార్లు ఐదేసి నిమిషాలు. అందుకని వ్యాయామమంతా వంటింట్లోకి వచ్చేసింది. పప్పు కుక్కరు మూడు విజిల్స్ వచ్చేలోపు లోలకం. చాయ్ మరిగేలోపు గోడ మీద వేళ్లతో చీమలా పాకించడం. మాప్ కర్ర రెండు చేతులా పట్టుకుని వెల్లకిలా పడుకుని, ఎడమ చెయ్యి బలంతో కుడి చేతిని తల మీదికి తీసుకుపోవడం. మోచేతికీ డొక్కకీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, అది జారకుండా కర్రతో ముంజేతిని బయటికి నెట్టడం. ఇది అన్నిటికంటే కష్టం. ఈ జబ్బులో ముందు పోయేది ఆ తిరుగుడేనట. స్నానమయ్యాక వీపు తుడుచుకున్నట్టు తువ్వాలు పైనుంచి ఎడమ చేత్తో లాగుతూ కుడి చేతిని వెనకగా పైకి జరపడం. గిలక మాత్రం మా ఆయన తలుపుకు బిగించాడు. మా చిన్నప్పటి చేదబావి గుర్తొచ్చింది. అక్కడ బొక్కెన పైకి వచ్చేది, ఇక్కడ నా చెయ్యే బొక్కెన.

గోడ మీద వేళ్లు ఆగిన చోటల్లా సుద్దముక్కతో గీత గీసి తేదీ వేయడం నా అలవాటైంది. టీచర్ బుద్ధి.

సెంటర్‌కు వారానికి మూడు రోజులు, సాయంత్రం బడి వదలగానే. సిట్టింగుకు 500. గాంధీలో, నిమ్స్‌లో ఫిజియోథెరపీ విభాగాలు ఉన్నాయి, ఖర్చు తక్కువ, కానీ నా బడి వేళలకు కుదరలేదు. నెల తర్వాత ఆ అమ్మాయే, "ఇంట్ల బాగా చేస్తున్నరు, ఇగ వారానికి ఒకసారి రండి చాలు" అంది. సిట్టింగులు తనంతట తానే తగ్గించినందుకు నాకు ఆమె మీద నమ్మకం రెట్టింపైంది. పాత సెంటర్ ప్యాకేజీ గుర్తొచ్చి కడుపు మండింది కూడా.

ఆ గదిలో కూర్చోవడమే ఒక చదువు. తెలుగు మేడమ్ వాళ్ల నాన్న మోకాలు వంచడానికి రోజూ యుద్ధం చేసేవాడు. 90 డిగ్రీలు దాటిన రోజు అందరికీ కోవా పంచాడు. షుగరు వల్ల నేను వాసన చూసి ఇచ్చేశాను. నడుము నొప్పితో వచ్చే రిటైరైన ఆర్టీసీ డ్రైవరన్న నెల్లాళ్లు నేల మీద కదలకుండా పడుకున్నాడట, కదిలితే వెన్నుపూస జారుతుందని ఎవరో చెబితే. ఫిజియో అతనితో మొదట చేయించింది నడక. "ముప్పై ఏండ్లు కూసుండి నడిపిన, ఇప్పుడు నడిచి బాగుచేసుకోవాల్నట" అని నవ్వేవాడు. మెడ పట్టేసిన ఒక ఐటీ అబ్బాయి ల్యాప్‌టాప్‌తోనే వచ్చేవాడు, మంచం మీద కూడా వంగి కొట్టుకుంటూ ఉండేవాడు. అతనికి ఏ మిషన్ పెట్టినా ఏం లాభం?

ఏప్రిల్ నాటికి 98. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, ఇక రోజూ చేయొచ్చు, జూన్‌కల్లా 150 అయిపోతుందని నా లెక్క. గ్రాఫు గీస్తే గీత అలాగే పోవాలి మరి. పోలేదు. అయిదు వారాలు 98, 100, 99, 100. నొప్పి దాదాపు లేదు, చెయ్యి మాత్రం గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతోంది. ఇదే ఆ రెండో దశ అని ఆమె చెబుతూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను, నమ్మడం లేదు. మే నెలలో భువనగిరిలో పెళ్లికి వెళ్లి తొమ్మిది రోజులు ఒక్క వ్యాయామమూ చేయలేదు. అలిగాను అనుకోండి. తిరిగొచ్చాక 93. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు, అంకె రాసి చూపించింది. పిల్లలకు మార్కుల కాగితం ఇచ్చేటప్పుడు నేను ఎంత ఉపన్యాసం దంచుతానో గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఆ తర్వాతే ఆమె కొంచెం గట్టిగా సాగదీయడం మొదలుపెట్టింది. భుజం కీలు దగ్గర చేతి ఎముక పైకొసను చేత్తో పట్టుకుని చిన్న చిన్నగా కిందికీ వెనక్కీ జరుపుతుంది, మధ్యమధ్యలో నా ముఖం చూస్తూ. "గుంజుడా, పోటా?" "గుంజుడే, కానీ ఆరు." "అయితే ఇంత చాలు." మొదటి సెంటర్ పెద్దాయన కూడా చెయ్యే లేపాడు, ఈమె కూడా అదే చేస్తోంది. ఈమె అడుగుతుంది, ఆయన అడగలేదు. పైగా అప్పుడు పుండు, ఇప్పుడు బిగుసుకున్న తోలు. ఏ వేళకు ఏది చేయాలో తెలియడమే వీళ్ల చదువు కాబోలు. నాలుగున్నరేళ్ల డిగ్రీ ఎందుకో అప్పుడు అర్థమైంది.

షుగరు కూడా పట్టుకోవాల్సి వచ్చింది. మూడు నెలల సగటు చూపే పరీక్షలో నాది ముందు 8.9 ఉండేది, ఆగస్టుకు 7.4కు దిగింది. భుజానికీ దానికీ ఎంత సంబంధమో విడదీసి చెప్పలేను గాని, సాయంత్రం అన్నం బదులు జొన్నరొట్టె తినడం మాత్రం భుజం పెట్టిన భయం వల్లనే మొదలైంది.

జూన్‌లో బడి తెరిచేసరికి 118. లంబకోణం దాటి అధికకోణంలోకి వచ్చాను. బోర్డు పై సగం కాదు గాని, మధ్యలో హాయిగా రాయగలిగాను. జూలైలో 140. ఒకరోజు పైనుంచి తేదీ వేయడం మొదలుపెట్టి, సగంలో గమనించాను, చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్లిందని. ఎవరికీ చెప్పలేదు. పిల్లలకు తెలిసే అవకాశం లేదు, వాళ్లు కొత్త బ్యాచ్. గోపురం పొట్టిగా ఉన్న రోజులు చూసినవాళ్లు వెళ్లిపోయారు.

బతుకమ్మ నాటికి 155. ఆటలో చప్పట్లు భుజం ఎత్తులోనే కదా కొట్టేది, ఇబ్బంది లేకుండా ఆడాను. మర్నాడు సలుపు వచ్చింది, సగం చేసి ఊరుకున్నాను. బూజు మాత్రం ఈసారి మా ఆయనే దులిపాడు. వెనక హుక్కు ఇంకా పూర్తిగా నా చేతికి రాలేదు, అయిదు రోజులు పెట్టుకుంటే రెండు రోజులు కూతురే పెట్టాలి. బయటి తిరుగుడు 10 నుంచి 50 దగ్గర ఆగింది. ఇంకా వస్తుందంటోంది, రాకపోయినా పని నడుస్తుందంటోంది.

మొన్న నవంబరులో జడ అల్లుకుంటుంటే ఎడమ భుజంలో సన్నగా ఏదో తెలిసింది. ఇది ఒక వైపు వచ్చినవాళ్లలో కొందరికి కొన్నేళ్లలో రెండో వైపు కూడా రావచ్చని, షుగరుంటే ఆ అవకాశం ఎక్కువని ముందే విన్నాను. కుడి చేతికి నేను వృథా చేసింది మూడు నెలలకు పైనే. ఈసారి నాలుగో రోజే హబ్సిగూడలో దిగాను.

"ఎట్లాంటి నొప్పి మేడమ్?" అని మొదలుపెట్టబోయింది.

"సలుపు. పోటు లేదు. తిమ్మిరి లేదు. రాత్రి లేదు, జడ అల్లేటప్పుడే. పదికి రెండు."

నవ్వుతూ కోణమానిని తీసింది. పైకి 172. బయటికి 75. మొదలో కాదో ఇప్పుడే చెప్పలేమంది, రెండు వారాలకు మళ్లీ కొలుద్దాం, ఈలోపు లోలకం రెండు చేతులకూ చేయమంది. నేను సంచీలోంచి నోటుబుక్కు తీసి, వెనక పేజీ తిప్పి, పాత గడుల పక్కన ఎడమ అని రాసి, తేదీ వేసి, రెండు అంకెలూ ఎక్కించాను.